డిస్టార్షన్ చేతి మాట వినాలంటే: హైదరాబాద్ గిటారిస్టుకి గెయిన్ నుంచి గమకం దాకా

వినాయక చవితి రోజుల్లో గల్లీ మండపం ముందు నుంచి నడిచి వెళ్తుంటే, సౌండ్ బాక్సులోంచి పాటతో పాటు ఒక గరగర కూడా వస్తుంది. యాంప్లిఫయర్ ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ అడిగారు. అది ఇవ్వలేక తరంగం పైకొసనీ, కిందికొసనీ నరికేసింది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. ఎలక్ట్రిక్ గిటార్ కోసం మనం డబ్బులు పెట్టి కొనుక్కునే డిస్టార్షన్ కూడా అచ్చంగా ఇదే. కాకపోతే మండపంలో అది ఎవరూ కోరుకోకుండా వస్తుంది, ఇక్కడ ఎంత నరకాలో, ఎక్కడ నరకాలో మనమే చూసుకుంటాం.

అసలు ఈ శబ్దం పుట్టుకే పాడైన సామాన్లలోంచి జరిగింది. 1950ల చివర్లో అమెరికన్ గిటారిస్టు లింక్ రే కావాలని తన యాంప్ స్పీకర్‌కి బొక్కలు పొడిచాడు. 1960ల మొదట్లో అమెరికాలోని నాష్‌విల్ స్టూడియోలో గ్రేడీ మార్టిన్ వాయిస్తుంటే మిక్సర్‌లో ఒక చానల్ చెడిపోయి బరబరమనే సోలో రికార్డయింది. జనానికి అది నచ్చింది. అలాంటి శబ్దాన్నే ఇచ్చే మేస్ట్రో ఫజ్-టోన్ పెడల్ (కాలితో నొక్కి ఆన్ చేసే చిన్న డబ్బా) 1962లో మార్కెట్‌లోకి వచ్చింది. 1964లో ఇంగ్లండ్ గిటారిస్టు డేవ్ డేవిస్ బ్లేడుతో స్పీకర్ కాగితాన్ని కోశాడు. మీరు ఇవన్నీ చేయక్కర్లేదు, పెడల్స్ ఉన్నాయి.

ఒక్క విషయం మాత్రం ముందే తెలిసి ఉండాలి. తరంగం నెత్తి చదునైతే రెండు పనులు జరుగుతాయి. ఒకటి, కొత్త హార్మోనిక్స్, అంటే అసలు స్వరానికి రెట్లుగా మోగే పై స్వరాలు పుడతాయి. పైనా కిందా సమానంగా నరికితే బేసి హార్మోనిక్స్, అసమానంగా నరికితే సరి హార్మోనిక్స్ కూడా వస్తాయి. రెండోది, చిన్న శబ్దాలు పైకి లేస్తాయి, పెద్ద శబ్దాలు ఇక పెరగవు. అందుకే స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. అందుకే గెయిన్ (క్లిప్ అయ్యేలా సిగ్నల్‌ని ఎంత పెంచుతున్నామో అది) మరీ పెంచితే మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకేలా వినిపిస్తుంది. వాయించేవాడి భావం ఉండేది ఆ మెల్లకీ గట్టికీ మధ్య తేడాలోనే కాబట్టి, కింద చెప్పే ప్రతి పనిలోనూ ఆ తేడా పోకుండా చూసుకోవాలి.

1. ముందు గిటార్ సంగతి

తీగలు తుప్పు పట్టి ఉంటే మార్చండి. ట్యూనింగ్, ఇంటోనేషన్ (మెడ పొడవునా ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి సరిగా ఉండడం) సరిచూసుకోండి. క్లీన్ టోన్‌లో చెవికి తెలియని శ్రుతి దోషం డిస్టార్షన్‌లో అరిచి మరీ చెబుతుంది.

తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్‌లు రెండు రకాలు. సింగిల్ కాయిల్ స్వరాన్ని స్పష్టంగా ఇస్తుంది, కానీ ఇంట్లో కరెంటు వైర్ల గుయ్యిమనే శబ్దాన్ని కూడా పట్టుకుంటుంది. హంబకర్‌లో రెండు కాయిల్స్ ఎదురెదురుగా పనిచేసి ఆ గుయ్‌ని కొట్టేస్తాయి, అవుట్‌పుట్ కూడా సాధారణంగా ఎక్కువే. మెటల్ వాయించాలంటే హంబకర్ సుఖం. బ్లూస్, పాత రాక్ అయితే సింగిల్ కాయిలే బాగుంటుందని నా అభిప్రాయం. పికప్ తీగలకి మరీ దగ్గరగా ఉంటే బాస్ బురదలా వస్తుంది. డిస్టార్షన్ అంతా ముద్దగా ఉందనిపిస్తే కొత్త పెడల్ కొనే ముందు స్క్రూడ్రైవర్‌తో పికప్‌ని రెండు మిల్లీమీటర్లు కిందికి దించి చూడండి. పైసా ఖర్చు లేదు.

గిటార్ మీద ఉన్న వాల్యూమ్ నాబ్ చాలామందికి ఎప్పుడూ 10 మీదే ఉంటుంది. దాన్ని కదిలించడం నేర్చుకోవాలి. తగ్గించినప్పుడు శబ్దం మందంగా, దుప్పటి కప్పినట్టు మారిపోతోందంటే ట్రెబుల్ పోతోందన్నమాట. వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే, తిప్పితే మారే రెసిస్టర్) ఇన్‌పుట్, అవుట్‌పుట్ కాళ్ల మధ్య 1000 పికోఫారడ్ల కెపాసిటర్, దానికి సమాంతరంగా 150 కిలో ఓమ్‌ల రెసిస్టర్ టంకం పెడితే ఆ ట్రెబుల్ నిలబడుతుంది. దీన్ని ట్రెబుల్ బ్లీడ్ అంటారు. కోఠి గుజరాతీ గల్లీలో ఈ రెండు పార్టులూ కలిపి ఒక చాయ్ ఖర్చు కూడా కాదు. వెళ్లినప్పుడే ఒక కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కూడా తెచ్చుకోండి. మన ఊరి దుమ్ముకి పాట్‌లు ఏడాది తిరక్కుండానే కరకరమంటాయి.

2. యాంప్‌లో పునాది

పెడల్స్ అన్నీ ఆపేయండి. యాంప్‌ని నేల మీంచి తీసి కుర్చీ మీద పెట్టండి. స్పీకర్ ట్రెబుల్‌ని టార్చి లైటులా తిన్నగా ముందుకే కొడుతుంది. యాంప్ కాళ్ల దగ్గర ఉంటే మీ చెవికి ట్రెబుల్ చేరక నాబ్ పెంచుతారు, ఎదురుగా కూర్చున్నవాడికి చెవులు తూట్లు పడతాయి.

బాస్, మిడ్, ట్రెబుల్ మూడూ 12 గంటల దగ్గర, అంటే నాబ్ ముల్లు నిట్టనిలువుగా పెట్టి మొదలుపెట్టండి. తర్వాత బాస్ కొంచెం తగ్గించండి, మిడ్ కొంచెం పెంచండి. క్లీన్‌గా వాయిస్తే ఇది కాస్త ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది. ఉండనివ్వండి, గెయిన్ వచ్చాక సర్దుకుంటుంది.

ట్యూబ్ యాంప్‌లో రెండు చోట్ల డిస్టార్షన్ పుడుతుంది. ముందున్న 12ఏఎక్స్7 లాంటి చిన్న ట్యూబ్‌లు ప్రీయాంప్, వెనకున్న ఈఎల్34, 6ఎల్6 లాంటి పెద్దవి పవర్ యాంప్. పెద్ద ట్యూబ్‌లు క్లిప్ అయినప్పుడు వచ్చే శబ్దం చేతికి చాలా బాగా స్పందిస్తుంది. కానీ 15 వాట్ల యాంప్‌ని అంతదాకా తీసుకెళ్తే అపార్ట్‌మెంట్ మొత్తం లేస్తుంది. కాబట్టి మాస్టర్ వాల్యూమ్ తక్కువ, ప్రీయాంప్ గెయిన్ ఎక్కువ. ఇంట్లో మనకి మిగిలేది ఈ దారే. ట్యూబ్‌లు లేని మామూలు సాలిడ్ స్టేట్ ప్రాక్టీస్ యాంప్ అయితే దాని గెయిన్ చానల్ వదిలేసి, క్లీన్ చానల్‌లోకి పెడల్ పెట్టడం చాలాసార్లు మేలు.

రెండు హెచ్చరికలు. స్పీకర్ కనెక్షన్ లేకుండా ట్యూబ్ యాంప్ ఆన్ చేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. ప్లగ్ తీసేశాక కూడా దాని లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి కాబట్టి తెలియకుండా మూత విప్పకండి.

3. గెయిన్ ఎంత ఉండాలి

గిటార్ వాల్యూమ్ 7 మీద పెట్టండి. యాంప్ గెయిన్ సున్నా దగ్గర మొదలుపెట్టి ఆరో తీగని మామూలు బలంతో మీటుతూ మెల్లగా పెంచండి. మామూలుగా మీటితే శుభ్రంగా ఉండి, గట్టిగా కొడితే అంచు చిరిగే చోట ఆగండి. ఇప్పుడు గిటార్ వాల్యూమ్ 10కి తీసుకెళ్తే సోలో టోన్, 7 దగ్గర రిథమ్, 4 దగ్గర దాదాపు క్లీన్. కాలితో ఏ స్విచ్చీ తొక్కకుండా మూడు టోన్లు మీ చిటికెన వేలి దగ్గరే ఉన్నాయి.

పరీక్ష ఇంకోటి. A మైనర్ కార్డ్ పట్టుకుని తీగల్ని ఒక్కొక్కటిగా మీటండి. ప్రతి స్వరం విడిగా వినిపించాలి. వినిపించకపోతే గెయిన్ ఎక్కువైంది, తగ్గించండి. తగ్గించాక పస తగ్గినట్టు అనిపిస్తుంది. ఆ వెలితిని కుడిచేతి బలంతో నింపాలి.

4. పెడల్స్

దుకాణంలో వందలు కనిపిస్తాయి కానీ కుటుంబాలు మూడే.

ఓవర్‌డ్రైవ్ మెత్తగా నరుకుతుంది. దీనికి ఆనవాలు 1979 ప్రాంతంలో వచ్చిన ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ టీఎస్808. దాని సర్క్యూట్ సుమారు 720 హెర్ట్జ్ కింద ఉన్న బాస్‌ని అంతగా నరక్కుండా వదిలేస్తుంది, మిడ్ ముందుకు తోస్తుంది. 1981లో వచ్చిన బాస్ కంపెనీ ఎస్‌డీ-1 కూడా ఇదే వంశం. అయితే అది తరంగాన్ని అసమానంగా నరుకుతుంది. తక్కువ బడ్జెట్‌లో ఒక్క పెడలే కొనాలంటే నేను చెప్పేది ఎస్‌డీ-1.

డిస్టార్షన్ గట్టిగా నరుకుతుంది. బాస్ కంపెనీ డీఎస్-1, ప్రోకో కంపెనీ ర్యాట్, రెండూ 1978 నాటివి. డీఎస్-1లో టోన్ నాబ్ 12 గంటలు దాటితే చాలా యాంప్‌ల మీద గీసినట్టు ఉంటుంది, 9 నుంచి 10 మధ్య ప్రయత్నించండి. ర్యాట్‌లో ఫిల్టర్ నాబ్ తిరకాసు. కుడివైపు తిప్పితే ట్రెబుల్ పెరగదు, తగ్గుతుంది. ఇది తెలియక ‘ఇదేంటి, మూగబోయింది’ అని అమ్మేసుకున్నవాళ్లున్నారు.

ఫజ్ తరంగాన్ని దాదాపు చదరంగా చేసేస్తుంది. 1966 నాటి ఫజ్ ఫేస్‌లో రెండే ట్రాన్సిస్టర్లు. అది గిటార్ పికప్‌తో నేరుగా మాట్లాడాలి. మధ్యలో ట్యూనర్ పెడలో, బఫర్ (సిగ్నల్‌ని బలంగా ముందుకు పంపే సర్క్యూట్) ఉన్న ఇంకేదో పెడితే దాని ప్రాణం పోతుంది. నేరుగా పెట్టి గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే మాత్రం ఆ రాక్షసుడే గాజులా మెరిసే క్లీన్ టోన్ ఇస్తాడు. 1969లో వచ్చిన బిగ్ మఫ్ వేరే దారి: సస్టెయిన్, అంటే స్వరం నిలవడం, అంతులేకుండా ఉంటుంది, మిడ్ లోతుగా తగ్గిపోతుంది. ఒంటరిగా వింటే బ్రహ్మాండం, బ్యాండ్‌లో మాయం.

ఈ మూడింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చడంలోనే అసలు రుచి ఉంది. గెయిన్ మొత్తాన్ని ఒకే పెడల్‌లో అడగకుండా రెండు, మూడు చోట్లకి పంచండి. నేను ఎవరికైనా మొదట చూపించే సెట్టింగ్ ఇది: మూడో అంచెలో చెప్పినట్టు అంచు చిరిగే యాంప్ ముందు ఓవర్‌డ్రైవ్ పెట్టండి. దాని డ్రైవ్ 8 గంటల దగ్గర, అంటే దాదాపు సున్నా. టోన్ 12 దగ్గర. లెవెల్ 3 గంటల దగ్గర. ఇక్కడ పెడల్ తానుగా పెద్దగా డిస్టార్ట్ చేయదు. బాస్ కోసి, మిడ్ పెంచి, యాంప్ మూతి మీదకి తోస్తుంది. ముందు పామ్ మ్యూట్ చేస్తూ (బ్రిడ్జ్ దగ్గర అరచేతి అంచు ఆనించి) ఆరో తీగ వాయించండి, తర్వాత పెడల్ నొక్కి అదే వాయించండి. వదులుగా ధబధబమన్నది బిగిసి టక్ టక్‌మంటుంది. మెటల్ గిటారిస్టులు అంత గెయిన్ ఉన్న యాంప్‌ల ముందు కూడా ట్యూబ్ స్క్రీమర్ ఎందుకు పెట్టుకుంటారో అప్పుడు అర్థమవుతుంది.

గిటార్ నుంచి యాంప్ వైపు పెడల్స్ వరుస: ఫజ్, వా, ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, తర్వాత నాయిస్ గేట్ (వాయించనప్పుడు రొద ఆపేది), ఆ తర్వాత డిలే, రివర్బ్ (ప్రతిధ్వని ఇచ్చేవి). రివర్బ్‌ని డిస్టార్షన్ ముందు పెడితే దాని తోక కూడా క్లిప్ అయి అంతా కలగాపులగం అవుతుంది. కొందరు కావాలనే అలా చేస్తారు, అది వేరే సంగతి.

5. చేతులు, గమకాలు

డిస్టార్షన్‌లో అన్ని కార్డ్‌లూ ఎందుకు మోగవో మన సంగీతం తెలిసినవాళ్లకి చెప్పడం తేలిక. రెండు స్వరాలు కలిసి క్లిప్ అయితే వాటి మధ్య తేడా కూడా ఒక స్వరంగా పుడుతుంది. ఆరో తీగ 5వ ఫ్రెట్ మీద సా అనుకోండి, 110 హెర్ట్జ్. ఐదో తీగ 7వ ఫ్రెట్ మీద పా, సుమారు 165. తేడా 55, అంటే సరిగ్గా కింది స్థాయి షడ్జం. అందుకే సా, పా రెండే ఉండే పవర్ కార్డ్ అంత నిండుగా, కింద ఇంకెవరో బాస్ వాయిస్తున్నట్టు ఉంటుంది. అదే సా మీద ఐదో తీగ 4వ ఫ్రెట్‌తో అంతర గాంధారం కలపండి. తేడా సుమారు 28.6 వస్తుంది. శ్రుతికి కచ్చితంగా నిలిచే అంతర గాంధారమైతే 27.5 వచ్చి సా కిందే కూర్చునేది. ఫ్రెట్ల గాంధారం ఆ లెక్కకి కాస్త ఎక్కువ కాబట్టి ఆ పుట్టిన స్వరం శ్రుతి తప్పి, అడుగున గిలగిల కొట్టుకుంటుంది. గెయిన్ ఎక్కువ ఉన్నప్పుడు సా-పా చాలు, గాంధారాన్ని పాడేవాళ్లకో, కీబోర్డ్‌కో వదిలేయండి.

ఇక ఒంటి స్వరాల దగ్గరకొస్తే, డిస్టార్షన్ ఇచ్చే పెద్ద వరం సస్టెయిన్. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ మామూలు మాండొలిన్ మీద స్వరం నిలవక, ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ వైపు వెళ్లారు. స్వరం నిలిస్తేనే గమకానికి చోటు. ఆయన వెళ్లింది డిస్టార్షన్ కోసం కాదు కానీ ఆ అవసరమే మనదీ. క్లీన్ గిటార్ మీద చచ్చిపోయే కంపితం (స్వరాన్ని ఊపే గమకం) ఓవర్‌డ్రైవ్ మీద బతికి బట్టకడుతుంది.

అభ్యాసం: ఐదో తీగ ఒక్కదాని మీదే మాయామాళవగౌళ వాయించండి. ఖాళీ తీగ సా, తర్వాత 1, 4, 5, 7, 8, 11, 12 ఫ్రెట్లు. సరళీ స్వరాల రాగమే, కానీ డిస్టార్షన్ తగిలేసరికి మెటల్ రిఫ్‌లా గర్జిస్తుంది. మొదట పిక్‌తో ప్రతి స్వరం మీటండి. తర్వాత సా ఒక్కటే మీటి, రి నుంచి గా వరకు జారుతో వెళ్లండి. తర్వాత పా మీద ఆగి తీగని పక్కకి లాగి ధైవతం అందుకుని, వెనక్కి వదలండి. గెయిన్ ఎక్కువైతే ఆ లాగుడులో స్వరం ఎక్కడుందో తెలియదు. తక్కువైతే మధ్యలోనే ఆరిపోతుంది. మీ సరైన గెయిన్ ఎంతో ఈ ఒక్క పాఠమే చెప్పేస్తుంది.

పిక్ పట్టు కూడా చూసుకోండి. బ్రిడ్జ్ దగ్గర మీటితే పదును, మెడ వైపు మీటితే గుండ్రం. పిక్ మొన కొంచెమే బయటపెట్టి, మీటిన వెంటనే బొటనవేలి అంచు తీగకి తగిలేలా కొడితే పించ్ హార్మోనిక్ కీచుమంటుంది. వాయించని తీగల్ని రెండు చేతులతోనూ అణచాలి: ఎడమచేతి వేళ్ల మొనలు పై తీగకి, కుడి అరచేతి అంచు మందపు తీగలకి. దీనికి ఓపిక కావాలి. క్లీన్‌లో వినపడని వేళ్ల రాపిడి అంతా గెయిన్ బయటికి లాగుతుంది.

6. గుయ్, కరెంటు

మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. గిటార్‌లో వచ్చే బొంగురు గుయ్ 50, దాని రెట్టింపు 100 దగ్గర ఉంటుంది. తీగల మీద చేయి వేస్తే శబ్దం తగ్గితే అది మామూలే. చేయి వేస్తే జివ్వుమంటే మాత్రం వెంటనే ప్లగ్ తీసేయండి, ఎర్తింగ్ సరిగా లేదు. పాత బిల్డింగుల్లో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా వెనక ఎర్త్ వైరు లేని ఇళ్లున్నాయి. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి చూపించుకోండి. మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల అడాప్టర్‌లో దూర్చే అలవాటు మానుకోండి.

ఫ్యాన్ రెగ్యులేటర్, చవక ఎల్ఈడీ బల్బులు, మొబైల్ చార్జర్ ఒక్కొక్కటే ఆపుతూ వినండి. దొంగ దొరుకుతాడు. కరెంటు పోయి పాత ఇన్వర్టర్ మీద నడుస్తుంటే బరబరమనడం ఖాయం, అప్పుడు హెచ్చు గెయిన్ ప్రాక్టీస్ మానేయడమే నయం.

హైదరాబాద్‌లో సగం మంది దగ్గర అమెరికా నుంచి అన్నయ్యో, బావో తెచ్చిన పెడల్ ఒకటైనా ఉంటుంది. దాని అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100-240 అని రాసి ఉంటే సరే. 120 మాత్రమే ఉంటే పక్కన పెట్టి ఇక్కడి 9 వోల్టుల డీసీ అడాప్టర్ కొనండి. ఎక్కువ పెడల్స్‌కి మధ్య పిన్ను నెగటివ్, మన ఇళ్లల్లో ఉండే మామూలు అడాప్టర్లలో చాలావాటికి మధ్యది పాజిటివ్. గుచ్చే ముందు బొమ్మ చూసుకోండి.

7. ఫ్లాట్‌లో, జామ్ రూమ్‌లో

పెడల్‌ని నేరుగా కంప్యూటర్ స్పీకర్‌కో, కాలేజీ ఫెస్ట్ మిక్సర్‌కో పెట్టి దోమల గుంపులా ఉందని బాధపడేవాళ్లు చాలామంది. 12 అంగుళాల గిటార్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. డిస్టార్షన్ శబ్దం పూర్తవడానికి ఆ వడపోత తప్పనిసరి. నేరుగా పెట్టాలంటే మధ్యలో స్పీకర్ వడపోతని అనుకరించే క్యాబినెట్ సిమ్యులేటర్ కానీ, కంప్యూటర్‌లో అదే పని చేసే ఇంపల్స్ రెస్పాన్స్ ఫైలు కానీ ఉండాలి. అది ఉంటే మియాపూర్ ఫ్లాట్‌లో రాత్రి 11 గంటలకి కూడా హెడ్‌ఫోన్స్‌లో మంచి టోన్‌తో వాయించుకోవచ్చు.

అయితే ఇంట్లో మెల్లగా విని పెట్టుకున్న సెట్టింగ్ జామ్ రూమ్‌లో పనికిరాదు. తక్కువ శబ్దంలో చెవికి బాస్, ట్రెబుల్ సరిగా ఆనవు కాబట్టి ఆ రెండూ పెంచి మిడ్ తీసేస్తాం. డ్రమ్స్ మొదలవగానే బాస్‌ని బాస్ గిటార్, ట్రెబుల్‌ని సింబల్స్ మింగేస్తాయి. మొదటి పాట కాగానే డ్రమ్మర్ అడుగుతాడు, “అన్నా, నీ గిటార్ అసలు వినవడ్తలేదు, సౌండ్ పెంచినవా?” పెంచాల్సింది వాల్యూమ్ కాదు, మిడ్. గెయిన్ ఇంటి సెట్టింగ్ కంటే పావు వంతు తగ్గించండి. యాంప్ గట్టిగా మోగుతుంటే సస్టెయిన్ దానంతట అదే వస్తుంది.

ఫీడ్‌బ్యాక్ ప్రయత్నించాల్సింది కూడా అక్కడే. యాంప్‌కి ఎదురుగా నిలబడి ఒక స్వరం పట్టుకుని, గిటార్‌ని స్పీకర్ వైపు తిప్పండి. స్పీకర్ గాలి తీగని మళ్లీ కదిలిస్తుంది, స్వరం ఆరకుండా పై హార్మోనిక్‌లోకి ఎక్కుతుంది. ఒక అడుగు ముందుకో వెనక్కో వేస్తే వేరే స్వరం పలుకుతుంది. ఏ స్వరానికి ఎక్కడ నిలబడాలో వెతికి నేల మీద టేప్ అంటించుకోండి.

8. రికార్డింగ్

మైక్ స్పీకర్ గుడ్డకి ఒక అంగుళం దూరంలో పెట్టండి. కోన్ నడిమధ్యలో పదును, అంచు వైపు జరిపే కొద్దీ మెత్తదనం. నాబ్‌లు ముట్టుకునే ముందు మైక్ జరపండి. రిథమ్ భాగాన్ని రెండుసార్లు విడివిడిగా వాయించి, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి పెడితే వెడల్పు వస్తుంది. ఒకే టేక్‌ని కాపీ చేసి రెండు పక్కలా పెడితే రాదు. రెండు టేక్‌లు కలిసినప్పుడు గెయిన్ కూడా కలిసి పెరిగినట్టే వినిపిస్తుంది, అందుకని ఒక్కోదాన్ని విడిగా వింటే ‘ఇంకాస్త ఉంటే బాగుండు’ అనిపించే దగ్గరే గెయిన్ ఆపి రికార్డ్ చేయండి.